ఉస్తాద్ ముక్కు, మా కారులో మీటరు

మంగళవారం పొద్దున టైర్ల షాపతను ఫోన్ చేశాడు. "సార్, ఉస్తాద్ వోయిండు. ఊపిరితిత్తులు ఖరాబై నెల సంది దవాఖానల్నే ఉండె," అన్నాడు. అయ్యో అన్నాను. కారు బాగుచేసే మనిషి పోతే ఇంత బెంగ పెట్టుకోవాలా అని మా ఆఫీసులో ఒకాయన అననే అన్నాడు. ఆయన కోసమే అనుకోండి, ఇది రాస్తున్నాను.

మేడ్చల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉస్తాద్‌ది. తొంభైల్లో గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చి కొత్త కాలనీల్లో దిగిన మాలాంటివాళ్ల పాత కార్లకు ఆయనే దిక్కు. ఇంజను స్టార్ట్ చేయించి, సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని, పొగను అరచేత్తో ముక్కు దగ్గరికి తీసుకునేవాడు. "పెట్రోల్ ఎక్కువ తాగుతాంది సార్, గాలి సాలుతలేదు," అని కార్బురేటర్ స్క్రూ పావు వంతు తిప్పేవాడు. అంతే, ఇంజను దగ్గు మానేసేది. అగరొత్తుల పొగనైనా ఎవరూ అంత భక్తిగా పీల్చరని మా ఆవిడ నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు ఆయన పొగ వాసన చూడడం మానేశాడు. రేసు కార్లవాళ్ల దగ్గర కొన్న వైడ్‌బ్యాండ్ గేజ్ ఒకటి తెచ్చి, మొట్టమొదట మా కారుకే బిగించాడు. పొగగొట్టంలో ఒక సెన్సర్, స్టీరింగ్ పక్కన గుండ్రటి మీటరు. ఒక వంతు పెట్రోలుకు ఎన్ని వంతుల గాలి కలుస్తోందో అందులో అంకె పడుతుంది.

"పద్నాలుగు, పదిహేను నడుమ ఉంటె మంచిది. పైకి వోయిందంటె పెట్రోల్ తక్కువైనట్టు. ఇంజన్ కాలిపోతది."

"మరి మీ ముక్కు?"

"ముక్కు ముసల్దైంది సార్. మిషన్ అబద్ధమాడది."

ఆ రోజే హోటలతను పాలు మాడిన టీ తెచ్చాడు. నేను ఒక్క గుక్కకే పారబోశాను. ఉస్తాద్ మాత్రం ఆఖరి చుక్కదాకా తాగి మంచిగుందన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

నెల తిరక్కుండా మీటరు పదిహేడు చూపించింది. ఆయన పెట్రోలు పెంచాడు. అంకె దిగింది, వారానికి మళ్లీ ఎక్కింది. మళ్లీ పెంచాడు. "కారులో ఏదో ఘాటండీ, తల దిమ్మెక్కుతోంది," అంది మా ఆవిడ. ఉస్తాద్ కారులో తల పెట్టి, "ఏం లేదమ్మా, కొత్త సీటు కవర్ల వాసన," అన్నాడు. ఘాటు నాకూ తగులుతూనే ఉంది. అయినా ఆవిడనే కసిరాను. నా కళ్లెదుట అంకె ఉంది కదా!

ఆ ఆదివారం వాన. శామీర్‌పేట దాటి కీసర వెళ్తున్నాం, అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. వెనక సీట్లో మా ఆరేళ్ల పాప పడుకుంది. మీటరు పదహారంటోంది, నేను దాన్నే చూస్తున్నాను.

"ఏమండీ, పాప లేవట్లేదు."

కారాపి, తలుపు తెరిచి పిల్లను వానలోకి ఎత్తుకొచ్చాను. చెంపలు తట్టగా తట్టగా ఎప్పటికో వాంతి చేసుకుని ఏడ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచిందని సాయంత్రానికి చెప్పారు.

మర్నాడు కారును షెడ్డుకు లాగించుకెళ్లి నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన కారు కిందికి దూరాడు. ఇంజను దగ్గర పొగగొట్టం అతుకులో ప్యాకింగ్ చిట్లింది. ఆ సందులోంచి గొట్టంలోకి పోయిన బయటి గాలిని కూడా మీటరు కలుపుకుని, పెట్రోలు తక్కువని చెబుతూ వచ్చింది. ఆయన పెట్రోలు పెంచేకొద్దీ పొగలో విషం పెరిగింది. అదే సందులోంచి కారులోకి వచ్చింది.

"వాసన జూస్తె ఒక్క నిమిషంల దొరుకుతుండె సార్. నాకు రెండేండ్ల సంది వాసన తెలుస్తలేదు. సెప్తె గిరాకీ రాదని దాసిన."

ఆ తర్వాత కూడా నేను ఆయన దగ్గరికే వెళ్లాను. పొగ చూడాల్సివస్తే పక్క షెడ్డతన్ని పిలిచి, "నాకు ముక్కు లేదు, నువ్వు జూడు," అని అందరి ముందూ అనేవాడు. నలభై ఏళ్ల పేరున్న మనిషి అలా అనడం చిన్న సంగతి కాదు. నేనైతే అనలేను.

కానీ ఉస్తాద్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సోమవారమే. ప్యాకింగ్ మార్చి, పెట్రోలు తగ్గించి, కారును షెడ్డు బయట పెట్టాడు. ఇంజను ఆపకుండా వెనక సీట్లోకి ఎక్కి, పాప పడుకున్న చోటే కూర్చున్నాడు.

"గంట సేపు గిట్లనే ఉంట సార్. నాకేం గాకపోతెనే బండి తీస్కపోండ్రి," అని అద్దాలన్నీ ఎత్తేసుకున్నాడు.

వద్దనాల్సింది. అనలేదు. కోపం ఇంకా దిగలేదు, కూర్చోనీ అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. బాగానే ఉన్నానని రెండు నిమిషాలకోసారి చెయ్యెత్తి చూపేవాడు. ఒకసారి ఆ చెయ్యి లేవలేదు. తల సీటుకు వాలిపోయి ఉంది. తలుపు నాకు రెండడుగుల దూరం. నేను కదల్లేదు. ఎంతసేపో తెలియదు, చివరికి గ్రీజు మరకల చెయ్యి మెల్లగా లేచి, అద్దానికి ఆనుకుని, గంట నిండేదాకా అక్కడే ఉండిపోయింది.