నలభై రోజులు లొల్లి బంద్

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాలు మొదలయ్యే బుధవారం నాడు అయ్యగారు చర్చిలో ఒక్కొక్కరినీ లేపి, ఈ నలభై రోజులు దేవుని కోసం ఏం మానుకుంటారని అడిగారు. మా ఆయన మాంసం మానేస్తానన్నాడు. కంచన్‌బాగ్ కార్ఖానాలో ఆయనకొచ్చే జీతానికి ముగ్గురు పిల్లలున్న మా ఇంట్లో మాంసం ఉడికేదే తక్కువ. ఆ మాత్రం త్యాగానికే చర్చి అంతా ఆయన్ని మెచ్చుకోలుగా చూసేసరికి నాకు ఒళ్లు మండింది. లేచి, నేను లొల్లి మానేస్తానన్నాను. మా ఆయనకు దగ్గొచ్చింది.

చార్మినార్ వెనక మా గల్లీకంతా ఒక్కటే నల్లా. పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికల్లా పోయేది. ఎదురింటి అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. వాళ్లది బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. దుకాణంలోని బిందెలన్నీ మోసుకొచ్చినట్టు వరసగా పెట్టేది. ఐదేళ్లుగా మేమిద్దరం అక్కడ పోట్లాడుకోని రోజు లేదు.

మొదటి రోజు ఆమె నా బిందె పక్కకు జరిపి తనది పెట్టింది. నేను నోరు మూసుకొని నిలబడ్డాను. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమె అల్లం కషాయం పట్టుకొని మా ఇంటికొచ్చింది. నాకు ఒంట్లో బాగాలేదా, లేక తన వల్ల ఏమన్నా తప్పు జరిగిందా అని మా ఆయన్ని అడిగింది. ఆయన సంగతి చెప్పాడు. శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి గనుక ఆమెకు వెంటనే అర్థమైంది.

"గట్ల ముందే చెప్పొద్దా? నీ ఒక్కపొద్దుకు నా నోరెందుకు బీడు భూమి లెక్క పడావు పడాలె? నీ వంతు గూడ నేనే అంట," అన్నది.

అన్నట్టే చేసింది. నల్లాకు ఇవతల నిలబడి నన్ను తిట్టేది. కొంగు దోపుకొని అవతలికి నడిచి, నా గొంతు పెట్టి తనకు తానే జవాబిచ్చేది. మళ్లీ ఇవతలికి వచ్చేది. గల్లీ జనం పళ్లు తోముకుంటూ చూసేవాళ్లు. నా తరఫున ఆమె చెప్పే జవాబులు మరీ చప్పగా ఉండేవి, రోజూ నేనే ఓడిపోయేదాన్ని. అంతకన్నా మంచి జవాబు నాలుక చివర ఆడుతుంటే, కొంగు నోట్లో కుక్కుకొని ప్రార్థన చేసుకునేదాన్ని. ఈ నలభై రోజులు గట్టెక్కితే మా ఆయన జన్మలో నన్ను గయ్యాళి అనలేడని ఆశ.

ఆదివారాలు వదిలి లెక్కపెడితే, ముప్పై తొమ్మిదో రోజు గుడ్ ఫ్రైడే. ఇంకొక్క రోజే ఉంది. ఆమె అవతలికి నడిచి నా గొంతుతో అన్నది:

"పిల్లల్లేని ఇంటికి గిన్ని నీళ్లెందుకే?"

అది ఆమె కల్పించిన మాట కాదు. పోయిన వానకాలం నేను ఆమెను అన్నదే. అని మరిచిపోయాను కూడా. ఆమె ఇవతలికి వచ్చి తన చోట నిలబడింది. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"గీ మాటకు జవాబు గప్పటిసంది దొర్కుతలేదు చెల్లె," అన్నది. "నువ్వు మాటకారివి. నువ్వే చెప్పు, నేనేమనాలె?"

కొంగు దోపుకొని వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. అవతల నేనున్నాననుకొని ఆ ఖాళీ జాగాను తిట్టడం మొదలుపెట్టాను. ఆ మాట అన్న నోటితోనే ఆదివారం పాటలు ఎట్లా పాడతావని అడిగాను. నీ ముగ్గురు పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు రాత్రంతా కూర్చున్నది ఎవరని అడిగాను. ముప్పై తొమ్మిది రోజులు ఆపుకున్నదంతా, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. మా ఆయన వాకిట్లోకి వచ్చి, ఇంక ఒక్క రోజే కదా అన్నట్టు నెత్తి పట్టుకున్నాడు.

ఆమె చేతులు కట్టుకొని చివరిదాకా విన్నది. కళ్లు తుడుచుకొని, తన బిందె తీసి నల్లా కింద నాది పెట్టింది.

"మంచిగుంది," అన్నది. "ఇంకోసారి అను."