లెన్స్‌కి అమ్మ పెట్టిన బొట్టు

ఎనిమిది నెలలు మదీనాగూడలో పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఈ రోజు నా కెమెరాకి సెకండ్‌హ్యాండ్ లెన్స్ ఒకటి కొనుక్కున్నాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే అమ్మ, కొత్త బండికి పెట్టినట్టు, దాని అద్దం మధ్యలో కుంకుమ బొట్టు పెట్టేసింది.

“అమ్మా, అద్దం మీద పెడ్తరా? ఇగ ఫొటోలెట్ల వస్తయి?” అని అరిచాను.

“గంత పరేషాన్ ఏందే? మన ఇంట్ల చదువుకొని, సంపాయించి తెచ్చిన మొదటి సామాను. బొట్టు పెట్టకుంటే ఎట్ల?” అంది.

బొట్టు పడింది లెన్స్‌కి రక్షణగా బిగించిన ఫిల్టర్ మీదే, తుడిస్తే పోతుంది. తుడిచేముందు అమ్మనే ఒక ఫొటో తీశాను. నవ్వుతున్న ముఖం మీద పల్చటి ఎర్రటి మసక. కొత్త లెన్స్‌తో నా మొదటి ఫొటో ఇదే. స్పష్టంగా లేదని కామెంట్ పెట్టాలనుకునేవాళ్లు ముందు మా అమ్మతో మాట్లాడుకోండి.