మొదట మన మాట, తర్వాత బడి మాట

ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని సన్మాన సభల్లో చెబుతుంటారు. దండ వేయించుకునేవాడికి అది వినసొంపుగానే ఉంటుంది. వసుమతి ఆ వృత్తిలోకి పవిత్రత కోసం రాలేదు, చాదర్‌ఘాట్ వంటింటిని తప్పించుకోవడానికి వచ్చింది.

ఆమె భర్త కిషన్ గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తర్‌లో గుమాస్తా. విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నాంపల్లి స్టేషన్ వెనక ఒక ముసలామె ఇంట్లో కిరాయి గది మాత్రం మిగిలింది. కర్మకాండ ముగిసిన వారానికే బావగారు ప్రహ్లాద్ వచ్చి గడపలో నిలబడ్డాడు. చాదర్‌ఘాట్‌లో ఆయనకు బట్టల దుకాణం, పెద్ద సంసారం.

"ఆడమనిషివి, ఒక్కదానివి గీడ కిరాయి కొంపల ఉండుడేందమ్మా? మన ఇల్లు లేదా? మీ అక్క గూడ ఒక్కతే చేసుకోలేక సస్తున్నది."

దయగల మాటే. కాకపోతే అప్పటికే ఆయన తన ఇంట్లో వంటమనిషిని మాన్పించేశాడు. ఆ సంగతి పాలమనిషి చెబితే వసుమతికి తెలిసింది.

నాంపల్లిలో ఆడవాళ్లకు పంతులమ్మ తర్ఫీదు ఇచ్చే బడి ఒకటి ఉండేది. చదివినన్నాళ్లు ఖర్చులకు నెలనెలా వజీఫా ఇస్తారు, పాసైతే సర్కారు కొలువు. వసుమతి ఒక్క ఏడాది గడువు అడిగింది. "ఫెయిలైతే మాత్రం మారు మాట్లాడొద్దు, సామాను సర్దుకొని రావాలె" అన్నాడు ప్రహ్లాద్. ఆమె ఒప్పుకుంది. ఇది నిజాం కాలంలో, పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది నాటి మాట.

ఆ బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. బోధనా సూత్రాలు ఐరోపాలో పుట్టి, ఇంగ్లీషులోకి వచ్చి, అక్కడినుంచి ఉర్దూలోకి దిగాయి. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలి. జవాబు నువ్వు చెప్పకూడదు, పిల్ల నోటి నుంచే రాబట్టాలి. భయపడే పిల్ల నేర్చుకోదు. మిగతావాళ్లు వీటిని పరీక్ష కోసం బట్టీ పట్టారు. వసుమతి నమ్మింది. నమ్మేవాళ్లు తక్కువ కాబట్టే సూత్రాలు అంతకాలం పాడవకుండా ఉంటాయి.

తర్ఫీదు బడికి ఆనుకొని ఒక చిన్న బడి ఉండేది, వీళ్లు పాఠాలు చెప్పడం అలవాటు చేసుకోవడానికి. పిల్లలు నాంపల్లి గుమాస్తాల ఆడపిల్లలు, ఉస్మాన్‌గంజ్ కూలీల ఆడపిల్లలు. ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో పలకాల్సింది ఉర్దూ. చేరిన కొత్తలో వసుమతి, నీళ్లు ఎండిపోతే ఏమవుతాయని అడిగింది. క్లాసంతా ఒక్క గొంతుతో "పానీ భాప్ బన్ జాతా హై" అని పాడింది. నీళ్లు ఆవిరవుతాయని అర్థం. వసుమతికి ముచ్చటేసింది. ముందు వరసలో ఉన్న విమలను లేపింది. ఆ పిల్ల ఒక గుమాస్తా కూతురు, చురుకైనది.

"భాప్ అంటే ఏందే?"

విమల ఏమాత్రం తడుముకోలేదు. "జవాబు, పంతులమ్మా."

ఆ రోజు నుంచి వసుమతి తన క్లాసులో ఒక కట్టడి పెట్టింది. ప్రశ్న వేయగానే మొదట ఒక పిల్ల లేచి మన మాటలో చెప్పాలి. తర్వాత ఇంకో పిల్ల దాన్ని బడి మాటలోకి తిప్పాలి. మొదటి పిల్ల పూర్తిచేసేదాకా రెండోది నోరు విప్పకూడదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు, అయినా పుస్తకంలోని సూత్రాలన్నీ ఇందులో ఉన్నాయి.

దీనివల్ల ఎక్కువ బాగుపడింది పోశవ్వ. తొమ్మిదేళ్ల పిల్ల. తల్లి సమ్మక్క ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల కొట్టు ముందు తొడిమలు తీసే పని చేస్తుంది. పోశవ్వ అంతకుముందు ఏడాదంతా వెనక గోడకు ఆనుకొని, ఎవరికీ కనపడకుండా కూర్చుంది. ఇప్పుడు మొదట లేచేది ఆమే. నెలలు గడిచేకొద్దీ విమల తిప్పే ఉర్దూను కూడా పెదవుల మీద కలిపి పలికేది. తర్వాత, ఎవరూ అడక్కపోయినా, వసుమతి ఉర్దూలో అన్న మాటను పక్క పిల్ల చెవిలో తెలుగులోకి తిప్పేది. ఇదే చదువు అని వసుమతి అనుకుంది. తప్పుగా ఏమీ అనుకోలేదు.

ఏడాది చివర పరీక్ష పాఠం. ఇన్‌స్పెక్ట్రెస్ క్లాసు వెనక కుర్చీలో కూర్చుంటుంది, వసుమతి పాఠం చెప్పాలి. నియమం ఒకటే, క్లాసులో ఉర్దూ తప్ప ఇంకో మాట వినబడకూడదు. ముందురోజు ఆ చిన్న బడిలో పాత పంతులమ్మ జయమ్మ తాంబూలం నములుతూ వచ్చి నిలబడింది.

"ఏంది వసుమతమ్మా, గా మిరపకాయల పోరిని గూడ రేపు కూసోబెడ్తవా?"

"వద్దని ఎట్ల అంట జయమ్మగారూ? అందరికంటె ఎక్కువ నేర్చింది అదే."

"నేర్చింది లే. ఇన్‌స్పెక్షన్ అంటె మొద్దు పిల్లలను ఇంటికాడ ఉంచుతం. నేనొచ్చినప్పటి నుంచి గదే ఆనవాయితీ. నీ సూత్రాలు నీ కాడ ఉంచుకో, పాసైనంక బయటికి తియ్యి."

వసుమతి నవ్వి తన క్లాసులోకి వెళ్లింది. మిర్చి బండ్లు దిగినందువల్ల పోశవ్వ అప్పటికి రెండు రోజులుగా బడికి రావడం లేదు. వసుమతి క్లాసుకు చెప్పింది: "రేపు మన మాట వద్దు. సీదా బడి మాటే. యాద్ పెట్టుకోండ్రి." పోశవ్వకు కబురు పంపలేదు. రావద్దనీ చెప్పలేదు, రేపటి నియమమూ చెప్పలేదు. రాకపోతే బాగుండునని మాత్రం అనుకుంది.

పోశవ్వ వచ్చింది. నూనె రాసి దువ్విన తలతో వచ్చి తన చోట కూర్చుంది. అప్పటికే ఇన్‌స్పెక్ట్రెస్ కుర్చీలో ఉంది.

పాఠం బాగానే సాగింది. వసుమతి తడిగుడ్డతో నల్లబల్ల మీద గీత గీసింది. చూస్తుండగానే అది ఆరిపోయింది. "పానీ కహాఁ గయా?" అని, నీళ్లు ఎటు పోయాయని అడిగి విమల వైపు చూసింది.

విమల లేవబోయింది. ఈలోగా పోశవ్వ లేచి నిలబడింది. కట్టడి ప్రకారం మొదటి వంతు ఆమెదే. విమల కూడా అలవాటు కొద్దీ ఆగిపోయింది.

"గాలి తాగింది పంతులమ్మా. ఎండకు సన్నగయి గాలిల కల్సిపోయింది. మా కాడ తడిసిన బస్తాలు గట్లనే ఆరుతయి."

అంతకంటే మంచి జవాబు ఆ ఏడాది ఆ బడిలో ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పెక్ట్రెస్‌కు తెలుగు రాదు. కళ్లజోడు సరిచేసుకొని, ఈ అమ్మాయి ఏమంటోందని ఉర్దూలో అడిగింది.

ఆ క్షణంలో వసుమతి కళ్ల ముందు చాదర్‌ఘాట్ పొయ్యి కనిపించిందని రాయడం సులువు. తనకేమీ కనిపించలేదని ఆమె తర్వాత చెప్పింది. నోటికి మాట సిద్ధంగా ఉంది, వచ్చేసింది.

"కుఛ్ నహీఁ, సాహెబా. ఇసే కుఛ్ నహీఁ ఆతా."

ఏం లేదండీ, దీనికేమీ రాదు, అని. కూర్చోమని ఎవరూ చెప్పకముందే పోశవ్వ కూర్చుంది. విమల లేచి "భాప్" చెప్పింది. ఇన్‌స్పెక్ట్రెస్ తల ఊపింది.

పాఠం అయ్యాక నోటి ప్రశ్నలు. ఏ సూత్రం నీకు ఎక్కువ ఉపయోగపడిందని అడిగితే, పిల్ల మనసులో భయం తీసేయడం అని చక్కటి ఉర్దూలో చెప్పింది వసుమతి. ఇన్‌స్పెక్ట్రెస్ సంతోషించింది. మొదటి తరగతిలో పాస్.

పోశవ్వ మర్నాడు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. వసుమతి ఒక మధ్యాహ్నం మొజంజాహి మార్కెట్ దాటి ఉస్మాన్‌గంజ్‌కు నడిచింది. కొట్టు ముందు మిరపకాయల రాశి చుట్టూ ఆడవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకొని తొడిమలు తీస్తున్నారు. వాళ్లలో పోశవ్వ ఉంది. వసుమతిని చూసి తల దించుకొని పని మరింత తొందరగా చేయసాగింది.

సమ్మక్క లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు.

"గింత దూరం ఎందుకొచ్చిన్రమ్మా? మిర్చి ఘాటు మీకు పడదు."

"పోశవ్వను పంపు సమ్మక్కా. మంచిగ చదువుతది."

"చదువుతదా?" సమ్మక్క కూతురి వైపు చూసింది. "దీనికేం రాదని మీరే అన్నరట గదా, గా పెద్దమ్మగారి ముంగట."

"తెలుగుల నేను గట్ల అనలే."

"ఔ, ఉర్దూల అన్నరట. ఇంటికొచ్చి మొదాలు మీరన్న తీరే చెప్పింది. నాకు సమజ్ కాలే. మల్ల మన మాటల తిప్పి చెప్పింది. మంచిగ నేర్పిన్రమ్మా, ఒక్క ముక్క తప్పు పోలే."

వసుమతికి దగ్గు వచ్చింది. మిర్చి ఘాటు అనుకున్నారు అందరూ.

ఆమెకు కొలువు దొరికింది. ప్రహ్లాద్ మళ్లీ వంటమనిషిని పెట్టుకున్నాడు. ఆ పిల్ల కోసం వసుమతి ఇంకోసారి వెళ్లిందా అంటే, లేదు. ఆబిడ్స్ మీదుగా బడికి వెళ్తూ వస్తూ ఏళ్లు గడిపింది, ఉస్మాన్‌గంజ్ దారి తొక్కలేదు. పేరున్న పంతులమ్మ అయింది. అయితే తన క్లాసులో ఏ ఉర్దూ మాటకూ తెలుగులో అర్థం చెప్పలేదు. కొత్తగా తర్ఫీదుకు వచ్చిన పిల్ల ఎవరో, ఎందుకు చెప్పరని ఒకసారి అడిగింది.

"మనమన్నది తెల్వకుంటె వాళ్లకు మనసు కష్టం ఉండదు" అంది వసుమతి, బెల్లు కొట్టమని సైగ చేస్తూ.