జడ విప్పే పాట

మునిరత్నమ్మక్కను నేను మొదట చూసింది అల్ ఖోబర్‌లో, నేను పనిచేసే క్లినిక్ ల్యాబ్‌లో. చక్రాల కుర్చీలో ఒక సౌదీ ముసలావిడను తోసుకుంటూ వచ్చింది. సూది కనబడగానే ముసలావిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. అక్క ఆమె చెవి దగ్గర వంగి అరబ్బీలో ఏదో చెప్పింది. ముసలావిడ నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే అక్క నావైపు తిరిగి, "ఇప్పుడు తియ్యి అమ్మణ్ణీ, మళ్లా ఇయ్యదు" అంది. అంతకుముందు నేను ఫోన్లో మా అమ్మాయితో తెలుగులో మాట్లాడడం విందట.

ముసలావిడ రక్తం పలచబరిచే మందు వాడుతుంది కాబట్టి ప్రతి రెండు వారాలకూ పరీక్షకు వచ్చేవారు. అలా పరిచయం పెరిగింది. అక్కది పుంగనూరు దగ్గర ఒక పల్లె. పదిహేడేళ్ల కిందట అల్ అజీజియాలో ఒక ఇంటికి పనికి వచ్చింది. ఆ ఇంటి పిల్లలు ముగ్గురినీ ఎత్తుకుని పెంచింది. వాళ్లు కాలేజీలకు వెళ్లిపోయాక వాళ్ల నాయనమ్మను చూసుకుంటోంది. మునిరత్నమ్మ అనడం నోరు తిరగక ఆ ఇంట్లో అందరూ మునీరా అంటారు. ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అరబ్బీ అంతా వినే నేర్చుకుంది. మేడమ్ ఫోన్లో ఇరవై సామాన్లు చెబితే ఒక్కటి మరిచిపోకుండా తెచ్చేది. ఎలా గుర్తుంటాయని అడిగితే, వంటింట్లో ఏ డబ్బా ఎక్కడ ఉంటుందో తలుచుకుని, ఒక మూల నుంచి మొదలుపెట్టి మనసులోనే నడుచుకుంటూ వస్తానని చెప్పింది.

అంత జ్ఞాపకం ఉన్న మనిషి ముసలావిడ మందుల విషయంలో మాత్రం తనను తాను నమ్మదు. ఒక అట్ట మీద మాత్రల ఖాళీ రేకులు అతికించి, పొద్దున వేసేవాటి పక్కన సూర్యుణ్ణి, రాత్రివాటి పక్కన చంద్రుణ్ణి గీసుకుంది. డాక్టరు మోతాదు మార్చినప్పుడల్లా నాచేత ఆ అట్ట మీద కూడా మార్పించుకునేది. అన్ని సామాన్లు గుర్తుపెట్టుకునేదానివి, దీనికి ఈ అట్ట ఎందుకక్కా అన్నాను.

"పాట మరిస్తే నవ్వుతారు. మందు మరిస్తే మనిషి పోతాది" అంది.

పాట సంగతి అప్పుడే తెలిసింది. పెళ్లి కాకముందు నుంచీ వాళ్ల ఊళ్లో జడ కోలాటానికి ఆమే పాట చెప్పేదట. నేను ఆ మాట పట్టుకోవడానికి కారణం మా భవిత.

భవితకు ఎనిమిదేళ్లు. కిందటేడు తెలుగు కుటుంబాల కలయికలో వేదిక మీద పాడింది. మరిచిపోతుందేమోనని నేనే నా ఫోన్లో పాట పెట్టి చేతికిచ్చాను. రెండో చరణం దగ్గర స్క్రీన్ ఆరిపోయింది. నల్లబడిన ఫోన్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడి దిగి వచ్చేసింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరి ముందూ పాడలేదు. స్కూల్లో పైకి చదవమన్న రోజుల్లో కడుపునొప్పి అనేది. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. కడుపునొప్పికి చేయదగిన పరీక్షలన్నీ చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి, పిల్ల మాత్రం బాగాలేదు.

ఈ ఏడు పిల్లల కార్యక్రమాలు చూసే ఆండాళ్ గారు ఎనిమిది మందితో ఏదైనా చేయిద్దామంటే మునిరత్నమ్మక్క పేరు చెప్పాను. గుంపులో ఒకర్తిగా అయితే చేస్తానని భవిత ఒప్పుకుంది. అక్క వాళ్ల మేడమ్ శుక్రవారం మధ్యాహ్నాలు రెండు గంటలు వదిలింది. సాధన మా ఇంటి హాల్లోనే.

పైన కొక్కేనికి ఎనిమిది రంగుల రిబ్బన్లు కడతారు. వాటి కొసలు పిల్లల ఎడమచేతి కోలలకు ఉంటాయి. పిల్లలు పాడుతూ, కోలలు తాకిస్తూ, ఒకరినొకరు దాటుకుంటూ గుండ్రంగా తిరిగితే పైన రిబ్బన్లు జడగా అల్లుకుంటాయి. మళ్లీ వెనక్కి తిరిగితే జడ విడిపోతుంది. పాటలో ఒక వదినమ్మ జడలో ఆరు పువ్వులు పెడుతుంది: మల్లె, కనకాంబరం, చేమంతి, మరువం, సంపంగి, మొగలి. ఒక్కో పువ్వుకు ఒక్కో చరణం, ఒక్కో చరణానికి జడలో ఒక వరుస. "మల్లెలు పెట్టే మా వదినమ్మ, జడ సాగే ఒక జానెడు" అని అల్లుతారు. విప్పేటప్పుడు మొగలి నుంచి వెనక్కి, పెట్టే బదులు తీసే అని పాడతారు. ఒక పువ్వుకు రిబ్బన్ల పైనుంచి దాటితే, తర్వాతి పువ్వుకు కిందనుంచి దాటాలి. ఒక్క పువ్వు తప్పినా జడ విడిపోదు. చిక్కు పడి, అలాగే వేలాడుతుంది.

ఇది విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. కిందటేడు మరిచిపోయినందుకు పాట ఒక్కటే ఆగింది. ఈసారి మరిచిపోతే ఆ చిక్కు అందరి కళ్ల ముందూ వేలాడుతుంది, అది ఎవరి రిబ్బన్ అన్నది రంగుతో సహా తెలుస్తుంది. కాగితం పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అందుకని చరణానికో పేజీ చేసి హాల్లో టీవీ మీద పెట్టాను.

మొదటి సాధనలోనే ఒక వింత జరిగింది. టీవీకి ఎదురుగా ఉన్న నలుగురే పాడుతున్నారు. వీపు తిరిగిన నలుగురూ మౌనం. పిల్లలు తిరుగుతున్నకొద్దీ పాట కూడా గదిలో ఒక పక్కకే వినబడుతోంది. వెనక గోడకు రెండో తెర పెడదామా అన్నాను. మునిరత్నమ్మక్క కింద కూర్చుని నవ్వింది. "నాలుగు గోడలకీ పెట్టు అమ్మణ్ణీ, పైకప్పు మాత్రం వదిలెయ్. దానికి జడ ఉండాది" అంది. తర్వాత నా మొహం చూసి, సరే ఒక్క టీవీ పెట్టుకో, అది పిల్లకు కాదులే, నీ భయానికి అని కూడా అంది. టీవీ ఉండిపోయింది.

కలయిక నవంబర్లో, ఎండ తగ్గి బయట కూర్చోగలిగే రోజుల్లో పెట్టుకున్నారు. ఊరి బయట ఒక ఇస్తిరాహా అద్దెకు తీసుకున్నారు. గోడ కట్టిన ఆవరణ, గడ్డి, ఒక పెద్ద హాలు. పిల్లల కన్నా ముందు హరనాథ్ గారు గిటార్ వాయిస్తూ పాడారు. ఆయన ముందు స్టాండ్ మీద టాబ్లెట్, అందులో పాట మాటలు, మాటల పైన గిటార్ స్వరాల గుర్తులు, పేజీ తిప్పడానికి కాలి కింద చిన్న మీట. చూసి పాడుతున్నారని ఎవరూ అనుకోలేదు. చాలా బాగా పాడారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ హాల్లోనూ ఒక తెర పెట్టించి, నేనూ రిమోట్ పట్టుకుని కూర్చున్నాను.

మునిరత్నమ్మక్క పక్కన నిలబడి చేత్తో తాళం వేస్తుంటే, అల్లడం ఏ లోటూ లేకుండా అయింది. ఆరు వరుసల జడ పైనుంచి నిండుగా దిగింది. విప్పడం మొదలైంది. మొగలి అయింది. సంపంగి అయింది. తర్వాత మరువం రావాలి. నా వేలు రిమోట్ మీద రెండుసార్లు నొక్కింది. తెర మీద చేమంతి వచ్చింది.

ఆ క్షణంలో తెరకు ఎదురుగా ఉన్నవాళ్లలో భవిత ఒకతె. తెరను నమ్మింది. మిగతావాళ్లు మరువం అంటుంటే తను చేమంతి అంటూ కిందనుంచి పోవలసినచోట పైనుంచి దాటింది. ఆమె పసుపు రిబ్బన్ పక్కపిల్ల ఎర్ర రిబ్బన్‌కు చుట్టుకుని బిగిసింది. పిల్లలు ఆగిపోయారు. భవిత నావైపు చూసింది. కిందటేడు నల్లటి ఫోన్ పట్టుకుని చూసిన చూపే. నేను రిమోట్ వెనక్కి నొక్కబోయి ఇంకో పేజీ ముందుకు నొక్కాను.

పక్కనున్న ఆండాళ్ గారు మునిరత్నమ్మకు పాట అందివ్వమని చెప్పండి అని గొణిగారు. అక్క పాట అందివ్వలేదు. మిగతా పిల్లలను ఉన్నచోటే కోలలు తాకిస్తూ ఉండమని చేత్తో చూపించి, తనూ తాళం ఆపకుండా భవిత దగ్గరికి నడిచింది. పిల్లచేత ఒక్క అడుగు వెనక్కి వేయించి, బిగిసిన రిబ్బన్‌ను సడలించింది.

"మీయమ్మను చూడద్దు పాపా. నన్నూ చూడద్దు. పైకి చూడు. ఎన్ని వరసలుండాయి?"

భవిత తల ఎత్తింది. పెదవులు కదిలాయి.

"నాలుగు."

"నాలుగో పువ్వేది?"

హాల్లో కోలల చప్పుడొక్కటే వినబడుతోంది. భవిత జడనే చూస్తూ, మొదట సన్నగా, "మరువం తీసే మా వదినమ్మ" అంది. తర్వాతి ముక్క గొంతెత్తి పాడింది. మిగిలిన ఏడుగురూ అందుకున్నారు. పసుపు రిబ్బన్ కిందనుంచి జారి విడిపోయింది. ఆ తర్వాత ఎవరూ తెర చూడలేదు, నేనూ చూపించలేదు. చేమంతి, కనకాంబరం, మల్లె. ఎనిమిది రిబ్బన్లూ ఎనిమిది మంది చేతుల్లోకి విడివిడిగా వచ్చేశాయి.

ఆ చరణం అక్కకు గుర్తులేక కాదు. నిద్రలో లేపినా చెప్పగలదు. తను అందిస్తే క్షణంలో సర్దుకునేది, అందరూ ఆమెనే మెచ్చుకునేవారు. అంతమంది చూస్తుండగా ఒక ఎనిమిదేళ్ల పిల్ల లెక్కపెట్టుకునేదాకా ఆగగలగడం నాకైతే చేతకాదు. పదిహేడేళ్లుగా పరాయి ఇంటి పిల్లలను పెంచుతూ ఆమె సాధించింది ఈ ఓపికేనేమో అనిపించింది.

తర్వాత టీ దగ్గర క్షమించమని అడిగాను. అక్క బిస్కెట్ టీలో ముంచుకుంటూ, "నీ టీవీలో తప్పేముండాది అమ్మణ్ణీ. దానికి జడ కనపడదు, అంతే" అంది. ఆ పాట ఒక అట్ట మీద రాసిపెట్టమని మళ్లీ తనే అడిగింది. వచ్చే నెల సెలవు మీద ఊరికి పోతోంది. అక్కడ ఇప్పుడు పాట చెప్పేవాళ్లు లేరట, కొత్త పిల్లలకు ఇచ్చి వస్తానంది. రాసి ఇచ్చాను. అక్షరాలు చాలవని, ఒక్కో చరణం పక్కన అప్పటికి జడలో ఎన్ని వరుసలుంటాయో భవితచేత బొమ్మ గీయించుకుంది. మందుల అట్ట మీద సూర్యుడు, చంద్రుడు ఉన్నట్టే.

ఇక్కడ బడి వారం ఆదివారంతో మొదలవుతుంది. ఆ ఆదివారం భవితను స్కూల్లో లేచి పాఠం చదవమన్నారు. పొద్దున కడుపునొప్పి అనలేదు. సాయంత్రం వచ్చి చెప్పింది, మధ్యలో ఒకచోట ఆగిపోయిందట. ఆగి, ఎక్కడున్నానో చూసుకుని మళ్లీ చదివిందట.