టర్కీ పుంజు ఒంటరయ్యే వేళ

గంగులయ్య ఐదో తరగతి దాకా చదివినవాడు. ఆ ఐదు తరగతుల్లోనే ఇన్‌స్పెక్టరు ముందు ఇరవయ్యో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పి బడంతా చప్పట్లు కొట్టించుకున్నవాడు. చిన్నమండెం గుట్టల్లో కౌజుపిట్టల్ని నోటితోనే పిలిచి వలలోకి రప్పించినవాడు. కువైట్‌కు వచ్చి ఇరవయ్యారేళ్లు. సులైబియా దాటి పడమటికి కారులో గంటసేపు పోతే వస్తుంది ఆయన పనిచేసే తోట. అక్కడ గొర్రెలు, మేకలు, కోళ్లు అన్నీ ఆయన చేతిమీదే పెరిగాయి. ఈతలో అడ్డం తిరిగిన మేకపిల్లల్ని, డాక్టరు లేకుండా, నలభై మూడింటిని బయటికి తీశాడు. ఒక్క తల్లి కూడా చావలేదు. అబ్బాసియాలో మనవాళ్లుండే గదుల్లో ఈ సంగతులు తెలియనివాళ్లు లేరు. ఎవరికైనా తెలియకపోతే ఆయనే కూర్చోబెట్టి చెప్పేవాడు.

అంతటివాడు మార్చి నెలలో ఒక పొద్దున ముళ్లకంచె ముందు బోర్లా పడుకుని ఉన్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. చలిపొద్దే, చెమట ఎండది కాదు.

కంచెకు వేలాడే ఎర్రరేకు మీద పుర్రె బొమ్మ ఉంది. ఇరాకోళ్ల యుద్ధంలో పాతిపెట్టిన బాంబులు లోపల ఇంకా ఉన్నాయని దాని అర్థం. ఎన్నో తీసేశారు, కొన్ని మిగిలాయి. వానాకాలం ఇసుక కొట్టుకుపోయినప్పుడు అవి పైకి తేలతాయి. రెండేళ్ల కిందట ఒక సూడానీ గొర్రెలకాపరి తప్పిపోయిన గొర్రె కోసం లోపలికి పోయాడు. ఆ చప్పుడు గంగులయ్య తోటలో నుంచే విన్నాడు. తర్వాత దుప్పటి పట్టుకుని ఒక మూల మోసినవాడూ ఆయనే. దుప్పటి ఒకవైపు బరువుగా, ఒకవైపు తేలిగ్గా ఉండడం ఆయన చేతులు ఈనాటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ కంచె లోపల యజమాని టర్కీ పుంజు ఉంది.

తప్పు గంగులయ్యదే. టర్కీలకు రెక్క ఈకలు కత్తిరించమని యజమాని చెప్పాడు. పెట్టలకు కత్తిరించాడు. పుంజు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. రెక్క తెగిన పుంజును ఊళ్లో ఎవరైనా చూస్తే పెంచినవాడి మొహాన ఊస్తారు. అందుకని వదిలేశాడు. ఒక పెట్ట గుడ్లు దాచుకోవడానికి తోట గోడ సందులోంచి బయటికి దూరి, ముళ్లకంచె లోపలికి పోయింది. పుంజు గోడ మీదికెగిరి దాని వెంట పోయింది.

మొదటిరోజు గంగులయ్య తెల్లవారక ముందే వచ్చాడు. కౌజుకైనా కోడికైనా తొలిజామే వేళ అని చిన్నప్పటి నుంచి ఆయన నమ్మకం. అరచేయి నోటికి అడ్డంపెట్టి పెట్టగొంతుతో పిలిచాడు. పుంజు గుళగుళమని బదులిచ్చింది, ఈక ఉబ్బించింది, తోక విసనకర్రలా విప్పింది. అంతే, పక్కనున్న పెట్ట చుట్టూ తిరుగుతూ ఇంకా లోపలికి పోయింది.

అది చూసి డ్రైవరు నూర్ బాషా నవ్వాడు. రాయచోటివాడు, వయసులో చిన్నవాడు.

“పక్కన పెండ్లాము ఉంటే నీ మాట ఎవడు వింటాడు గంగన్నా? నేనైనా పోను.”

యజమాని నవ్వలేదు. పనివాళ్లంతా ఆయన్ని బాబా అంటారు. అరవై దాటినవాడు, మాట పడనివాడు.

“చిరుతపులులు తిరిగే అడవిలో పిట్టల్ని పట్టానన్నావు కదా! రెండు రోజులు చూస్తాను. అది రాకపోతే నువ్వు లోపలికి పోయి తెస్తావు. పోనంటే ఖలాస్, ఊరికి టికెట్టు.”

చిరుతపులుల మాట గంగులయ్య కలిపిందే. ఒకే ఒక చిరుతను, అదీ వంక అవతల ఒడ్డున, చూసిన మాట మాత్రం నిజం.

ఆ రోజు ఆయన సద్ది పక్కన పెట్టేశాడు. బాబా బైనాక్యులర్ అడిగి తీసుకుని నీళ్లట్యాంకు పైకెక్కి కూర్చున్నాడు. ఇసుకంతా పచ్చబడి, అర్ఫజ్ పొదలు పసుపు పూలతో నిండి ఉన్నాయి. చూడముచ్చటైన కాలం. ఆయన మాత్రం ఏ పొద కింద ఏముందో అని చూస్తున్నాడు. కాళ్లవైపు చూసుకున్నాడు. ఈ కాళ్లతోనే తిరుమల కొండ పదకొండుసార్లు ఎక్కాడు. ఆ సంగతి తలుచుకుంటే ధైర్యం రావాలి. కాళ్ల మీద ఇంకా ఆశ పెరిగిందే తప్ప ధైర్యం రాలేదు.

తొమ్మిది దాటింది. పెట్ట మెడ వంచి, దొంగలా పొదల వెంబడి ఒంటరిగా జారుకుంది. ఒక పెద్ద పొద కిందికి దూరి, ఇక కదల్లేదు. పుంజుకు ఆ సంగతి తెలియలేదు. అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది, కనబడని పెట్ట కోసం అరిచింది. పదకొండుకు గాలి లేచి దుమ్ము కమ్మేదాకా అలా అరుస్తూనే ఉంది.

గంగులయ్య మెల్లగా కిందికి దిగాడు.

“రేపు తొమ్మిదిన్నరకు పట్టుకుందాం.”

“ముహూర్తం పెట్టించినావా ఏంది? పంతులెవరు?” అన్నాడు నూర్ బాషా.

“పొద్దున దానికి పెట్ట తోడుంటాది. పదకొండుకు గాలి లేస్తే నా గొంతు దానికి వినపడదు. మధ్యలో గంటన్నర అది ఒంటిగా ఉంటాది. అదే వేళ.”

“అప్పుడూ రాకుంటే?”

గంగులయ్య కంచె మీది ఎర్రరేకు వైపు చూశాడు.

మరుసటి రోజు తొమ్మిదిన్నరకు కంచె ముందున్న చిన్న గుంతలో పడుకున్నాడు. కంచె అడుగుతీగకూ నేలకూ మధ్య పుంజు దూరేంత సందుంది. బాబా, నూర్ బాషా వెనక బండి చాటున నిలబడ్డారు. మొదటి పిలుపు ఉత్త గాలిగానే వచ్చింది. నోట్లో తడి లేదు. నాలుక కొరుక్కుని మళ్లీ పిలిచాడు.

పుంజు బదులిచ్చింది. పిలిచాడు. దగ్గరగా బదులు వచ్చింది. పొదల మధ్య నీలం తల, ఎర్రటి మెడ కనిపించాయి. రొమ్ము ముందుకు పెట్టి నడుచుకుంటూ వస్తోంది. నలభై గజాలు. ముప్పై.

ఇరవై గజాల దగ్గర ఆగింది. నేల మీద ఏదో చూసి కాలితో గీరింది. ఇసుక తొలగి తుప్పుపట్టిన గుండ్రటి రేకంచు బయటపడింది. పుంజు దాన్ని ముక్కుతో టక్కుమని పొడిచింది.

లేచి పరిగెత్తాలని గంగులయ్యకు ఒళ్లంతా చెప్తోంది. పిలుపు ఆపితే అది అక్కడే గీరుతూ నిలబడుతుంది. పిలవాలంటే గొంతు లేదు. ఇన్‌స్పెక్టరును తలుచుకున్నాడు, నలభై మూడు మేకపిల్లల్ని తలుచుకున్నాడు, కొండను తలుచుకున్నాడు. ఏదీ అక్కరకు రాలేదు. కండ్లు గట్టిగా మూసుకుని, బిడ్డను బతిమాలినట్టు, సన్నగా పిలిచాడు.

టక్కు. మళ్లీ టక్కు.

పిలిచాడు.

ఇసుక మీద అడుగుల చప్పుడు వినిపించింది. కండ్లు తెరిచేసరికి పుంజు తీగ కింద తల వంచి దూరుతోంది. రెండు చేతులా దాని కాళ్లు పట్టుకున్నాడు. రెక్కలతో మొహం మీద బాదింది, కనుబొమ్మ చిట్లింది. వదల్లేదు. దాన్ని చంకలో ఇరికించుకుని లేచి నిలబడ్డాడు.

“అసద్! సింహం!” అంటూ బాబా వచ్చి భుజం తట్టాడు. తర్వాత లోపలికి చూశాడు. “పెట్ట ఏ పొద కింద ఉందో చూశావు కదా. గుడ్లతో సహా దాన్ని కూడా తీసుకురా.”

“గుడ్ల మీదుండే పెట్ట పిలిస్తే రాదు బాబా.”

“అయితే పో. ముప్పై అడుగులే కదా. యల్లా, కదులు.”

గంగులయ్య ఆ రేకంచు వైపు చూశాడు. అరబ్బీలో ఇరవయ్యారేళ్లుగా ఒక్కనాడూ వాడని మాట నోట్లోంచి వచ్చింది.

“ఆనా ఖాయిఫ్, బాబా. నాకు భయం.”

“సింహానికి భయమా?”

“సింహం కాదు బాబా. భయం.”

బాబాకు కోపం వచ్చింది. పనివాడి ముందు మాట వెనక్కి తీసుకోవడం తెలియని మనిషి. “చూడు, నేను పోతాను,” అని పాదాల దాకా ఉన్న తెల్లటి దిష్‌దాషా అంచు ఒక చేత్తో ఎత్తి పట్టాడు. రెండో చేత్తో పై తీగను కిందికి వంచి, ఒక కాలు అవతలికి వేయబోయాడు.

గంగులయ్య పుంజును వదిలేశాడు. రెండు చేతులతో యజమాని నడుం పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. పుంజు రెక్కలు తపతపలాడించి వాళ్ల తలల మీదుగా కంచె అవతలికి ఎగిరిపోయింది.

“అల్లా!” అన్నాడు నూర్ బాషా.

యజమాని ఒంటిమీద పనివాడు చెయ్యి వేశాడు. పుంజు పోయింది. ఇక టికెట్టే అనుకున్నాడు గంగులయ్య. ఇసుకలో అట్లే కూర్చున్నాడు. బాబా కూడా లేవలేదు. తాను కాలు పెట్టబోయిన చోటునే చూస్తున్నాడు. తీగకు మూరెడు దూరంలో, చిన్న గడ్డిదుబ్బు పక్కన, ఇసుకలోంచి అలాంటిదే ఇంకో రేకంచు వేలెడు మేర తేలి ఉంది.

ఆయన పెదవులు కదిలాయి. జేబులోంచి జపమాల తీసి గింజలు ఒక్కొక్కటే దొర్లించాడు. దూరంగా, పొదల మధ్య, పుంజు మళ్లీ ఒంటరిగా అరిచింది.

“ఇక లోపలికి ఎవరూ పోవద్దు,” అన్నాడు బాబా, చివరికి. గొంతు సరిచేసుకుని అడిగాడు: “రేపు ఎన్నింటికి?”

“తొమ్మిదిన్నరకు బాబా,” అన్నాడు గంగులయ్య. “గాలి లేకుంటే.”