రేడియేటర్‌లో పసుపు

మొన్న మధ్యాహ్నం ఖమ్మంలో నా షెడ్డుకి ఒక తెల్ల కారు వచ్చింది. భద్రాచలంలో దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే దారిలో రెండుసార్లు వేడెక్కి ఆగిపోయిందట. ఇంజను చల్లారేదాకా ఆగి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పాను. గుప్పున పసుపు వాసన కొట్టింది. వంటింట్లో హాయిగా ఉండే వాసనే. తుప్పు నీళ్ళతో, కూలెంట్ తీపి వాసనతో కలిసి ఉడికితే మాత్రం భరించలేం. "దారిలో ఒక లారీ డ్రైవరు వేయమన్నాడండీ, లీకు ఆగుతుందని. తప్పా?" అని కారాయన బెదురుగా అడిగాడు. తప్పేమీ కాదని చెప్పి, చేతులు కడుక్కునే వంకతో షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. నలభై దాటినా ఆ వాసనకి నాకు తల వాలిపోతుంది.

ఎందుకో చెప్పాలంటే ముందు లచ్చయ్య గారి గురించి చెప్పాలి. భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే రోడ్డు మీద ఆయన షెడ్డు ఉండేది. అడవిలోని కోయపల్లె నుంచి వచ్చి, వెదురు లారీలకు క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా పనిచేసి, ఆగిపోయిన బండిని తానే బాగుచేసుకుంటూ మెకానిక్ అయినవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. నేను సత్తుపల్లి వైపు నుంచి డిప్లొమా పట్టుకుని వెళ్ళాను. ఖమ్మంలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరుతో పోట్లాడి మానేసిన ఘనుణ్ణి. ఇరవై ఏడేళ్ళ వయసు, మిడిమిడి జ్ఞానం, దానికి తగ్గ పొగరు.

మొదటి రోజే పొగలు కక్కుతూ ఒక కారు వచ్చింది. నేను పరుగెత్తుకెళ్ళి మూత మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని లాగేశాడు. "ఏంది తమ్మీ, మొఖం కాల్చుకుంటవా? ఇంజను చల్లారాలె. అంతకన్న ముందుగాల నువ్వు చల్లారాలె," అన్నాడు. కారు కింద ఒక అట్టముక్క తోసి, స్టూలు మీద కూర్చుని, డ్రైవరుతో తీరిగ్గా మాట్లాడాడు. గుట్ట ఎక్కేటప్పుడు వేడెక్కిందా, నిలబెట్టినప్పుడా? నిలబెట్టినప్పుడైతే ముందు ఫ్యాను చూడాలి, పరుగులో అయితే నీళ్ళు సరిగ్గా తిరగడం లేదేమో చూడాలి. అరగంట తర్వాత అట్టముక్క బయటికి లాగి నా ముందు పెట్టి, "నువ్వేం జూసినవ్?" అని అడిగాడు.

"నీళ్ళు కారాయండీ."

"యాడికెల్లి?"

"కింద నుంచి."

పొట్ట పట్టుకుని నవ్వాడు. "కింద పడ్డది కిందికెల్లి రాదు బిడ్డా. పైన యాడనో బయలెల్లి, పైపు పట్టుకుని నడుచుకుంట వస్తది. అది వచ్చిన తొవ్వ పట్టుకుని నువ్వు పైకి పో."

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా అదే వరస. తాను చూడక ముందు నన్ను చూడమనేవాడు, చూసింది చెప్పమనేవాడు. నేను తప్పు చెప్పినా పూర్తిగా వినేవాడు. డిప్లొమాలో ఎవరూ నా మాట అలా వినలేదు.

ఇక పసుపు సంగతి. మా వైపు డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా ఇది. రేడియేటర్ సన్నగా కారుతుంటే చిటికెడు పసుపు వేస్తే అది చిల్లులో చేరి కాసేపు ఆపుతుంది, ఇల్లు చేరుస్తుంది. ఉస్తాద్ దాన్ని ఎగతాళి చేయలేదు, కానీ షెడ్డులో మాత్రం వేయనిచ్చేవాడు కాదు. "తొవ్వల ఏస్తే పానం కాపాడ్తది. షెడ్డుల ఏస్తే మోసమైతది," అనేవాడు. ఆ మాట చుట్టుపక్కల డ్రైవర్లందరికీ తెలుసు.

ఒక రోజు ఆయన విడిభాగాల కోసం కొత్తగూడెం వెళ్ళాడు. నాకు మర్నాడు పెళ్ళిచూపులు, సాయంత్రం ఐదింటి బస్సు పట్టుకోవాలి. సరిగ్గా మూడింటికి జోగయ్య జీపు తెచ్చాడు. జోగయ్య ఉస్తాద్ అక్క సమ్మక్క కొడుకు. పర్ణశాల దాటి చాలా లోపలికి ఉన్న వాళ్ళ పల్లెకి, అంటే ఉస్తాద్ సొంత ఊరికే, ఆ జీపే దిక్కు. సంతకైనా, దవాఖానాకైనా అదే. అట్టముక్క పరిచాను, తొవ్వ పట్టుకుని పైకి పోయాను, లీకు పట్టాను కూడా. రేడియేటర్ మధ్య గొట్టంలో సన్నటి చిల్లు. దించి, అతికించి, బిగించాలంటే మర్నాటి దాకా పని. గోడ మీద దేవుడి పటం ముందు ఆయుధపూజకి తెచ్చిన పసుపు పొట్లం ఉంది. చిటికెడుతో ఆగకపోతే బస్సు పోతుందని పొట్లమంతా ఒంపేశాను. చుక్క ఆగింది.

"దించి సూడొద్దా అన్నా?" అని జోగయ్య అడిగాడు.

"అవసరం లేదు. క్లిప్పు వదులైంది, బిగించాను," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! పైగా ఆ సంబంధం కుదరనూ లేదు.

మూడో రోజు ఉదయం నేను షెడ్డుకి తిరిగి వచ్చిన కాసేపటికే ఫోను వచ్చింది. సమ్మక్కకు మలేరియా ముదిరి భద్రాచలం తెస్తుంటే జీపు అడవి బాటలో ఉడికి ఆగిపోయింది. ఆమెను మంచం మీద పడుకోబెట్టి, మంచానికి కర్రలు కట్టి, నలుగురు రోడ్డు దాకా మోసుకొచ్చి ఆటో ఎక్కించారు. ఉస్తాద్ ముందు దవాఖానాకు వెళ్ళి అక్కను చూశాడు. తర్వాత నన్ను బండి మీద ఎక్కించుకుని జీపు దగ్గరికి తీసుకెళ్ళాడు. దారంతా ఆయన వీపు చూస్తూ ఏదో ఒకటి చెప్పాలనుకుంటూనే ఉన్నాను.

జీపు దగ్గర జోగయ్యా, మంచం మోసిన వాళ్ళూ ఉన్నారు. ఉస్తాద్ జోగయ్యతో ఇంజను కాసేపు నడిపించి, పై పైపు తాకి చెయ్యి లాగేసుకున్నాడు. కింది పైపు పట్టుకున్నాడు, అది చల్లగా ఉంది. "నీళ్ళు కిందికి దిగుతలెవ్వు. లోపట ఏందో అడ్డం పడ్డది," అని చెట్టు కింద కూర్చున్నాడు. చల్లారాలి కదా. ముప్పావుగంట కూర్చున్నాం. నా జీవితంలో అంత పొడుగు ముప్పావుగంట మరొకటి లేదు. అన్నిటికన్నా అన్యాయం, ఆయన నాకు తన సీసాలో నీళ్ళిచ్చాడు.

మూత తీశాడు. పచ్చటి ముద్ద పైకి ఉబికింది. వేలితో తీసి వాసన చూశాడు. "గిది ఎవలేసిండ్రు?" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. జోగయ్య నా వైపే చూస్తున్నాడు. ఉస్తాద్ వేలు గుడ్డకి తుడుచుకుని, "నేనే ఏసిన," అన్నాడు.

ఆ రోజు ఆయన ఊళ్ళోనే లేడని జోగయ్యకు తెలుసు, నాకు తెలుసు.

సమ్మక్క బతికింది. ఉస్తాద్ నన్ను పనిలోంచి తీసేయలేదు, ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి "నువ్వేం జూసినవ్?" అని అడగడం మానేశాడు. అట్టముక్క తానే పరిచేవాడు, తానే లాగి చూసుకునేవాడు. పక్కన పానాలూ స్క్రూడ్రైవర్లూ అందిస్తూ నేను మూడేళ్ళు గడిపాను. ఆ పల్లె జీపు మళ్ళీ మా షెడ్డుకి రాలేదు. సొంత ఊరే దూరమైందని ఆయన బాధపడుతున్నాడని అర్థమవుతూనే ఉండేది. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఖమ్మం వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాను.

పోయిన ఏడాది ఆయన చనిపోయాడు. దినానికి వాళ్ళ పల్లెకి వెళ్ళాను. సమ్మక్క ఇప్పుడు బాగా ముసలిదైపోయింది. ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆ పసుపు వేసింది నేనేనని చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది.

ఆమె నెమ్మదిగా విన్నది. "మాకెరుకే కదా బిడ్డా. నా తమ్ముడు షెడ్డుల పసుపు ముట్టుతడా? నిన్ను ఎల్లగొడ్తెనే జీపు తోలుకొస్తమని ఊరోళ్ళంత అన్నరు. వాడు ఇన్లే. 'జర ఆగు అక్కా, పిల్లగాడు మంచోడే, జెప్తడు' అన్నడు," అన్నది. తర్వాత నా మొహంలోకి చూసి, "జెప్పినవా మరి వానికి?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపాను.

ఇంజను చల్లారడానికి ముప్పావుగంట ఆగినవాడు నా కోసం మూడేళ్ళు ఆగాడు. నేను ఆయన పక్కనే ఉండి, రోజూ ఆయన చాయ్ తాగుతూ, ఆయన్ని అలా కూర్చోబెట్టాను. మొన్న ఆ తెల్ల కారు రేడియేటర్ దించి, లోపలి పచ్చ ముద్దనంతా కడిగాను. ఇప్పటికీ ప్రతి బండి కింద అట్టముక్క పరుస్తాను, మరక పట్టుకుని పైకి పోతాను, చూసింది చూసినట్టు చెప్తాను. అదంతా ఆయన ఇచ్చింది. నేను ఆయనకివ్వాల్సినవి రెండే మాటలు: నేనే వేశాను. ఆ రెండూ నా బదులు ఆయనే అనేసి వెళ్ళిపోయాడు.