తీగ తగిలించని రిలే

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. కడపలో కార్లకూ లారీలకూ వైరింగు చేసుకుని బతికినవాణ్ణి. దీపం వెలగలేదంటే ఎక్కడో తీగ తెగిందని అర్థం, అంతే. ఘాటు రోడ్డులో తెల్లచీర కనబడిందని ఏ డ్రైవరైనా చెప్తే "ముందు నీ బ్యాటరీ చూపించప్పా" అని ఎగతాళి చేసేవాణ్ణి. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఒకటి మాత్రం నా కళ్ళతో చూశాను. చూసినదాన్ని చూడలేదని ఎట్లా చెప్పేది?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా అక్క మొగుడు ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవాడు. ఆఫీసర్లను ఎక్కించుకుని కర్నూలు పోయి వచ్చేవాడు. ఆ కారు దీపాలు మరీ గుడ్డివి. అందుకని బావ మద్రాసు పోయి, మిలటరీ వాళ్ళు అమ్మేసిన దీపాలు నాలుగు కొన్నాడు. దూరం చూపేవి రెండు, దగ్గర చూపేవి రెండు. కొన్నవాడు ఊరికే రాకుండా అక్కడే బిగించుకుని వచ్చాడు. ఇదే పని చేసే బామ్మర్ది ఇంట్లో ఉండగా మద్రాసు మేస్త్రీ కావలసి వచ్చాడు! అది నాకు కడుపులో ఉండిపోయింది.

అంత పెద్ద దీపాల కరెంటు కాలి కింది బటన్ గుండా పోతే బటన్ మాడిపోతుంది. అందుకే మధ్యలో రిలే పెడతారు. చిన్న డబ్బీ, లోపల ఒక ఇనుప నాలుక. బటన్ తొక్కితే ఆ నాలుక టిక్కుమని ఒకవైపు పడి దూరం దీపాలు వెలుగుతాయి. మళ్ళీ తొక్కితే రెండోవైపు పడి దగ్గర దీపాలు వెలుగుతాయి. నేనైతే జతకొకటి చొప్పున రెండు పెడతాను, ఒకటి చెడినా రెండోది ఉంటుందని. ఆ మేస్త్రీ ఒక్కదాంతోనే కానిచ్చేశాడు. అదీ అరిగిపోయిన సరుకు. నాలుక అప్పుడప్పుడు నడిమధ్యలో ఇరుక్కుని నాలుగు దీపాలూ ఒక్కసారే ఆరిపోయేవి.

బావ చెప్పగానే రెండు కొత్త రిలేలు తెప్పించాను. దసరాకు రెండు రోజుల ముందు పార్శిలు వచ్చింది. ఒకదాని మూత తీసి చూసి, మళ్ళీ వేయకుండా అట్లాగే పెట్టాను.

ఆయుధ పూజ నాడు పనిముట్లన్నీ కడిగి, పీట మీద పరిచి, పసుపూ కుంకుమా పెట్టాను. వాటి పక్కనే ఆ రెండు రిలేలూ పెట్టాను. పూజలో పెట్టినవాటిని మరుసటి రోజు దాకా ముట్టుకోకూడదని మాకు ఆచారం. పండక్కని అక్క మా ఇంటికే వచ్చి ఉంది.

సాయంత్రం పండగ బొబ్బట్లు, మా వైపు ఓళిగలంటాం, తింటుండగా బావ వచ్చాడు. కారుకు బంతిపూల దండ వేసి ఉంది. రాయచోటి వైపు రైతు ఒకాయన తల్లికి ప్రాణం మీదికి వచ్చిందట, ఆయన్ను ఎక్కించుకుని బయలుదేరాలన్నాడు. చీకటి పడేసరికి గువ్వలచెరువు ఘాటులో ఉంటాను, ఆ రిలేలు బిగించిపెట్టమన్నాడు.

"ఈ పొద్దు ముట్టుకోకూడదు బావా. రేపు చేస్తా" అన్నాను.

"ఓళిగలు తినేదానికి లేస్తాండాది గానీ, ఈ పనికి లేయదా బామ్మర్దీ నీ చెయ్యి?"

అక్క కూడా అడిగింది. "గంట పనే కదరా, చేసీరాదూ."

"మద్రాసు మేస్త్రీని పిలిపించుకోమను" అన్నాను.

ఛీ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బావ నవ్వేశాడు. ఓళిగ ఒకటి చేతిలో పట్టుకుని, తింటూనే పోయి కారెక్కాడు.

దీపాల వేళ అక్క పటం ముందర ఒత్తి వెలిగిస్తోంది. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. టిక్ అని వినబడింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు, నిద్రలో విన్నా గుర్తుపడతాను. "రేయ్, అదేందో టిక్కుమంటాండాది చూడు" అంది అక్క.

లేచి వెళ్ళి వంగి చూశాను. మూత తీసిన రిలేలో నాలుక కదులుతోంది. దానికి తీగ లేదు, బ్యాటరీ లేదు. పీట మీద పువ్వుల మధ్య ఉంది, అంతే. వరసగా నాలుగు సార్లు కొట్టుకుంది. కొంచెంసేపు ఆగింది. ఇంకొకసారి కొట్టుకుని ఊరుకుంది. పక్కనున్న రెండోది కదలనే లేదు.

"ఎలకేమోలే అక్కా" అన్నాను. ఎలక ఎక్కడా లేదని నాకు తెలుసు.

తెల్లవారి కబురు వచ్చింది. కారు లోయలో పడింది. బావ అక్కడికక్కడే పోయాడు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉన్న ఆ రైతును నేను చూడబోయాను. నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పాడు.

"ఎదురుగా లారీ వచ్చెనప్పా. ఈయన మర్యాదగా దీపాలు తగ్గించబోయినాడు. అన్నీ పోయినాయి. కాలితో నాలుగు తూర్లు తొక్కినాడు. వస్తాదిలే అని నిమ్మళంగా అన్నాడు. ఇంకో తూరి తొక్కినాడు. అంతే."

ఎన్ని గంటలకని అడిగాను. అప్పుడే చీకటి పడిందన్నాడు. గడియారం ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ రిలేను తరువాత ఎన్నిసార్లు పరీక్ష చేశానో లెక్కలేదు. పీటను కుదిపాను. పక్కన రెండో రిలేకు కరెంటు ఇచ్చి చూశాను. ఎండలో వేడెక్కించి నీళ్ళలో చల్లార్చాను. వేలితో నొక్కితే తప్ప నాలుక కదల్లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను. నాకైతే ఈ రోజుకూ అంతు చిక్కలేదు.

దినాలయ్యాక అక్క ఒకే ఒక్క మాట అడిగింది.

"పూజలో పెట్టినవి ముట్టుకుంటే నిజంగానే దోషమేంరా?"

"దోషమే అక్కా" అన్నాను.

తల ఊపింది. నా మాట నమ్మింది. ఒక్కనాడు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఎవరైనా అనబోతే అననిచ్చేది కాదు. "వాడేం చేస్తాడు, ఆచారం" అనేది.

ఆ పొద్దు పూజ అయినాక, బావ రాకముందు, మా వాకిలి తోరణం ఒకవైపు జారింది. పీట మీది కటింగ్ ప్లేయరు తీసి, తీగ ముక్క కత్తిరించి, తోరణం బిగించాను. ప్లేయరు తుడిచి, మళ్ళీ కుంకుమ పెట్టి, ఉన్నచోటే పెట్టేశాను. అప్పుడు అక్క వంటింట్లో ఉంది, చూడలేదు. ఆమె పోయేదాకా నేనూ చెప్పలేదు.